రెండో పేజీలో ఖాళీ గళ్ళు

వైశాఖ శుద్ధ దశమి

శ్రీరామ.

స్వామీ, ఈ పుస్తకం ముందు వైపు నీది. వెనక అట్ట వైపు నుంచి కొన్ని పేజీలు నేను వాడుకుంటున్నాను. నా మాటలూ నీ నామాలూ ఒకే వరసలో కలవకూడదని తలకిందులుగా పట్టుకుని రాస్తున్నాను. తప్పయితే మన్నించు. ఇంట్లో వేరే కాగితం లేదు. ఈ రామకోటి పుస్తకం కూడా మా నాయనమ్మ పెట్టె అడుగున దొరికింది. ఇప్పుడు కాగితం ఎవరు చేస్తున్నారు?

ఈ పొద్దున అన్నం ఉడకలేదు. ఆ సంగతి ఎక్కడైనా రాసి పెట్టాలనిపించింది.

కార్తిక పూర్ణిమ నుంచి నాదొక మొక్కు. తెల్లవారగానే స్నానం చేసి, ఎసట్లో బియ్యం పోసి, బయటికి వెళ్ళి గట్టు మీద కొలత స్తంభం చూస్తాను. దాని మీద మిగులు ఎంత ఉంటే ఆ రోజు అన్ని రామనామాలు రాస్తాను. పోటూ పాటూ తీసేశాక, సముద్రం మట్టం నుంచి గట్టు తల దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో అదే మిగులు. మొదటి రోజు 216 ఉంది. ఈ పుస్తకంలో పేజీకి 108 గళ్ళు. రెండు పేజీలు సరిగ్గా నిండాయి. నీ సంకల్పమే అనుకున్నాను. ఆ తరవాత అంకె మీద మనసు పెట్టలేదు. స్తంభం ఎంత చెబితే అంత. సముద్రం కదా, పెరుగుతూ తరుగుతూ ఉంటుంది అనుకున్నాను.

అప్పట్లో ఆఖరి నామం రాసి లేచేసరికి గంజి వార్చే వేళ అయ్యేది. ఈ పొద్దున నామాలు అయిపోయాయి, మెతుకు పట్టి చూస్తే ఇంకా పలుకుగా ఉంది. నిన్నా అంతే. పొయ్యి మారలేదు, బియ్యం మారలేదు. నా చెయ్యి వేగం పెరిగిందనుకుని కొంచెం సంతోషించాను కూడా.

ఈ రోజు మిగులు 176. సిరాతో రాశాను. రేపు చూసినా 176 అనే ఉండాలి. ఉంటుందని తెలుసు. అయినా చూస్తాను.


వైశాఖ శుద్ధ ఏకాదశి

176 అలాగే ఉంది. చూసి నవ్వుకున్నాను. ఉపవాసం కాబట్టి వంట లేదు, ఆ నవ్వు తప్ప ఇంట్లో చప్పుడు లేదు.

తాజా పుస్తకంలో అలా ఉండదు. ప్రతి తూము దగ్గరా కాపలా ఇంట్లో ఒక పలక ఉంటుంది, దాన్ని తాజా పుస్తకం అంటాం. అందులో మాటలు మనం రాయాలి, అంకెలు మాత్రం చేత్తో రాయకూడదు. అంకె రావలసిన చోట స్తంభం పేరు తాకితే, మిగులు ఎంతో అదే వచ్చి వాక్యం మధ్యలో కూర్చుంటుంది, లేత ఆకుపచ్చగా. స్తంభం మీద మారితే వాక్యంలోనూ మారుతుంది. ఈ రోజు రాసిన వాక్యంలోనే కాదు, నిన్నటి దానిలో, మొన్నటి దానిలో, అన్నింటిలోనూ. తూములన్నిటినీ చూసే కేంద్రంలో నిన్నటిని దాచే చోటు లేదట. పాత అంకెలకి కరెంటు ఖర్చు పెట్టకూడదని మా పెళ్ళినాటికే నిర్ణయం అయింది. అంతకుముందు కాపలా వాళ్ళు ఇంట్లో కూర్చుని తోచిన అంకె వేసేవారని, దానివల్ల లంకలు మునిగాయని, అందుకే ఈ పద్ధతి పెట్టారని మా ఆయన చెప్పేవారు. న్యాయమే.

మాఘం దాకా తాజా పుస్తకం ఆయనే రాసేవారు. వంట, దీపం, తూము పళ్ళచక్రాలకి నూనె నావి. ఆయన పేరు నేను పలకను, రాయను. మా ఇళ్ళల్లో అంతే. రథసప్తమి నాడు పరమాన్నం పొయ్యి మీద ఉండగా గట్టు చూసి వస్తానని వెళ్ళి, అక్కడే కూలిపోయారు. పదమూడో రోజున పలక నా చేతికి వచ్చింది. ఆయన ఏం రాశారో చదువుదామని వెనక్కి తిప్పాను.

కార్తిక పూర్ణిమ నాటి వాక్యం ఇలా ఉంది: "ఈ రోజు మేం ఒక్కరం గట్టు మీద దీపాలు పెట్టాం."

ఆయన రాసింది ఇద్దరం అని. ఇంట్లో ఎంతమంది ఉన్నారో గుమ్మం లెక్క పెడుతుంది. ఆయన సరదాకి ఆ లెక్కని కూడా అక్షరాలుగా వాక్యంలో పెట్టేవారు. మూడేళ్ళ వాక్యాలు అలాగే ఉన్నాయి. మేం ఒక్కరం పనసపొట్టు కూర తిన్నాం. మేం ఒక్కరం తూము పైకెత్తలేక నవ్వుకున్నాం. మేం ఒక్కరం పోట్లాడుకున్నాం.

మళ్ళీ వెనక్కి తిప్పలేదు.


వైశాఖ పూర్ణిమ

మిగులు 173.

ఈ రోజు నామాలు రాశాక పుస్తకం మూసెయ్యకుండా మొదటి నుంచి పేజీలు తిప్పాను. కార్తికంలో రెండో పేజీ అడుగు దాకా నిండుగా ఉంది. మార్గశిరంలో చివర ఒకటి రెండు గళ్ళు ఖాళీ. పుష్యంలో నాలుగు. మాఘం దాటాక ఒక వరస ఖాళీ, తరవాత రెండు, ఇప్పుడు మూడున్నర. ఏ రోజుకి ఆ రోజు చూస్తే ఏమీ లేదు. వేగంగా తిప్పితే తెలుపు కిందనుంచి పైకి ఎక్కుతూ వచ్చింది, నీళ్ళు ఎక్కినట్టు.

వేలు పెట్టి లెక్కపెట్టాను. రథసప్తమి పొద్దున 211. ఈ రోజు 173. సముద్రం పెరుగుతూ తరుగుతూ లేదు. మిగులు ఒక్కసారి కూడా పెరగలేదు.

మధ్యలో ఒక చోట లెక్క ఆగింది. ఆయన పోయాక పన్నెండు రోజులు మైల, పెన్ను ముట్టలేదు. పదమూడో రోజున, మొక్కు లోటు పడకూడదని ఆ పన్నెండు రోజుల నామాలూ తరవాత రాసి పూరిద్దామనుకున్నాను. ఏ రోజు మిగులు ఎంతో తెలియాలి కదా, తాజా పుస్తకంలో చూశాను. పన్నెండు రోజులకీ 207 ఉంది. అన్నీ ఒకటే ఏమిటని అనుమానం రాలేదు. ఆయన పోయినందుకు సముద్రం కూడా పన్నెండు రోజులు కదలకుండా నిలబడిందనుకున్నాను. స్వామీ, నిజంగానే అలా అనుకుని ఏడ్చాను. తొమ్మిది రోజులు కూర్చుని, ఆ పన్నెండు రోజుల్లో ఒక్కోదానికి 207 చొప్పున రాశాను.

అది ఆ రోజు పొద్దుటి అంకె. పుస్తకం మొత్తం అదే చూపించింది.

మధ్యాహ్నం ముగ్గుపిండితో నేల మీద లెక్క వేశాను. పదో తరగతి లెక్కలే, మరిచిపోలేదు. ఈ ఐదు రోజుల్లో మూడు తగ్గింది. జ్యేష్ఠ అమావాస్యకి నలభై ఐదు రోజులు. అంటే ఇరవై ఏడు. అప్పటికి మిగులు 146. జ్యేష్ఠ అమావాస్య పోటు ఏడాదిలోకల్లా పెద్దది, కిందటేడు 150 లేచింది, అంతకుముందూ అంతే.

గట్టు కింద కొత్తలంక ఉంది. సముద్రం కన్నా పల్లపు నేల. 641 మంది.

లెక్క రెండోసారి కూడా వేశాను. అదే వచ్చింది.


వైశాఖ బహుళ తదియ

మిగులు 171.

పద్దెనిమిదో తూము బుల్లెమ్మకి ఫోను చేశాను. మా మధ్య పదికిలోమీటర్ల గట్టు. తనకీ నాకూ ఏ చుట్టరికమూ లేదు, వదినా అంటుంది. మీ మిగులు కార్తికంలో ఎంత ఉండేదో గుర్తుందా అని అడిగాను.

"నిన్న ఏం కూరొండానో నాకే గుర్తుండదొదినా, కార్తీకంలో మిగులెవరికి గుర్తుంటాది? పుస్తకం చూడమంటావా?" అంది.

చూడొద్దన్నాను. అయినా చూసి, అప్పుడూ ఇప్పుడూ ఒకటేనని నిశ్చింతగా చెప్పింది. నేను నా పేజీల సంగతి చెప్పాను. తను, సంబంధం ఉందో లేదో గాని, అని మొదలుపెట్టింది.

"మా దొడ్డితలుపు ఉగాది నుంచీ పడట్లేదు. మా ఆయన నన్నే అంటన్నాడు, లావెక్కి నువ్వే గుద్దేసుంటావని."

నేను మా వంటింటి వైపు చూశాను. మా తలుపూ పట్టేస్తోంది. పుష్యంలో ఒకసారి, రథసప్తమికి నాలుగు రోజుల ముందు ఒకసారి ఆయన చిత్రిక పట్టారు. చెక్క ఉబ్బిందనుకున్నాం. ఉబ్బింది చెక్క కాదు. గట్టు దిగుతోంది, గట్టు మీద ఇల్లూ దిగుతోంది.

ఫోను పెట్టేశాక ఇద్దరికి సరిపడా పప్పు పోశానని తెలిసింది. మూడు నెలలైనా చెయ్యి ఆ కొలత మరవలేదు. సాయంత్రం కూడా అదే తిన్నాను.


వైశాఖ బహుళ సప్తమి

మిగులు 169.

కేంద్రం నుంచి ఫణిభూషణ్ గారు మాట్లాడారు. మా ఎనిమిది తూములకీ ఆయనే అధికారి. మంచివారు. మా ఆయన పోయినప్పుడు పన్నెండు రోజులూ వేరే మనిషిని కాపలాకి పంపారు. మూడు రోజుల కిందట రామకోటి పేజీల ఫోటోలు పంపి, విషయం రాశాను. నీ నామాలు నీకు సమర్పించకముందే పరాయివాళ్ళకి చూపించడానికి మనసొప్పలేదు. దండం పెట్టుకుని పంపాను.

ముందు తాజా పుస్తకం తెరిచి చదవమన్నారు. చదివాను. కార్తికం నుంచి నేటి దాకా ప్రతి రోజూ మిగులు 169. గట్టు నిలకడగా ఉందని ఆయన అన్నారు. అంకె మారినప్పుడు పాతవన్నీ మారిపోతాయి కదండీ అన్నాను. అవునమ్మా, కాని మారిందనడానికి ఏదో ఒకటి ఉండాలి కదా అన్నారు. తలుపు సంగతి చెప్పాను. తలుపులు వానాకాలం ముందు ఉబ్బుతాయన్నారు. అమావాస్య పోటుకి 150 చాలు, మీకు ఇంకా 19 ఎక్కువే ఉంది అన్నారు.

తరవాత ఫోటోల దగ్గరికి వచ్చారు. అవన్నీ ఆయన మనుషుల చేత లెక్కపెట్టించారట. అంత శ్రమ తీసుకున్నందుకు నాకు గౌరవం కలిగింది.

"ఇందులో పన్నెండు రోజులు అచ్చంగా ఒకే అంకె ఉందమ్మా. 207. ఇవి చూసి రాశారా?"

లేదండి అన్నాను.

"పన్నెండు రోజులు కల్పించి రాసినవాళ్ళు, మిగతావి కల్పించలేదని నేను పైవాళ్ళకి ఎలా చెప్పను? చేతిరాత అంకెలు వద్దన్నది ఇందుకే కదమ్మా."

ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. కల్పించాను. భక్తితోనే కల్పించాను, అయినా కల్పించాను. ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోమని, ఒంటరిగా ఉన్నప్పుడు ఇలాంటి ఆలోచనలు వస్తాయని, కావాలంటే బదిలీ రాసి పెడతానని చెప్పి ముగించారు.

దీపం పెట్టాను. ఏమీ అడగలేదు. ఏం అడగాలో తెలియలేదు.


జ్యేష్ఠ శుద్ధ విదియ

మిగులు 162.

పది రోజులుగా వెనకవైపు ఏమీ రాయలేదు. ముందువైపు నామాలు మాత్రం రాశాను. ఇదివరకు నామం రాస్తే నామమే. ఇప్పుడు ఒక్కో గడికీ గట్టు కనబడుతోంది. నీ పేరుతో సముద్రాన్ని కొలుస్తున్నానా అని భయం వేసింది. మొక్కు మానేద్దామని కూడా అనుకున్నాను. మానేస్తే ఇక ఎవరి దగ్గరా ఏ లెక్కా ఉండదు.

నిన్న అంతా ఎవరితోనూ మాట్లాడలేదు. గొంతు ఉందో లేదో చూసుకోవడానికి సాయంత్రం గట్టు మీద నిలబడి గట్టిగా నామం చెప్పాను. గట్టు కింద కొత్తలంక వాళ్ళ పొలంలో ఎవరో వరినారుకి నీళ్ళు పెడుతున్నారు. ఇంత ఎత్తు నుంచి మనిషి చీమంత ఉంటాడు. ఆ అబ్బాయో అమ్మాయో నాకు తెలియదు. వాళ్ళకీ నేను తెలియదు. వాళ్ళకి తెలిసింది మా ఆయన. నెలకోసారి బియ్యానికి వెళ్ళేది ఆయనే.

ఫణిభూషణ్ గారు నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను. కాని ఆయనకి చెప్పినంత మాత్రాన నా పని అయిపోయిందా? ముగ్గుపిండి లెక్క నేల మీద ఇంకా ఉంది. తుడవబుద్ధి కాలేదు.

షష్ఠి నాడు కొత్తలంక వెళతాను. ఎనిమిది కిలోమీటర్లు. తెల్లారి బయల్దేరి పొద్దు గూకేలోగా తిరిగి రావచ్చు. పుస్తకం పట్టుగుడ్డలో చుట్టి పెట్టాను.


జ్యేష్ఠ శుద్ధ షష్ఠి

మిగులు 159. నామాలు రాసి, చద్దన్నం తిని బయల్దేరాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొత్తలంక రామాలయంలో శనివారం భజన ఉంటుందని ఆయన అనేవారు. అదృష్టం, ఈ రోజు శనివారం. ఆడవాళ్ళు ఇరవై ఆరుగురు ఉన్నారు. ముందు కూర్చున్న పెద్దావిడ పేరు వరాలమ్మ, డెబ్బై దాటి ఉంటాయి, తాళాలు ఆవిడ చేతిలోనే. ఎవరమ్మాయివి అని అడిగింది. పదిహేడో తూము అన్నాను. ఆయన పేరు చెప్పి, "మావాడి పెళ్ళానివా" అని పక్కకి జరిగి చోటిచ్చింది. నాలుగు నెలల తరవాత ఆ పేరు వినడం.

సర్పంచి సుభాషిణి గారిని పిలిపించారు. బడిలో లెక్కలు చెబుతుంది, ముప్పై ఐదేళ్ళుంటాయి. నేను ఉన్నదంతా చెప్పాను. చెప్పడం అయ్యాక సుభాషిణి గారు, కేంద్రం కాదన్నదాన్ని పట్టుకుని 641 మందిని, నాట్లకి ముందు, ఎర్రదిబ్బ ఎక్కించమంటే ఎవరు కదులుతారమ్మా అంది. దిబ్బ మీద పాత గోదాములు తప్ప నీడ లేదు. నారుమళ్ళు ఎండిపోతాయి. అది కోపం కాదు, నిజమే.

నా మాట నమ్మొద్దండి, లెక్కపెట్టి చూడండి అని పుస్తకం విప్పాను.

వరాలమ్మ పుస్తకాన్ని కళ్ళకద్దుకుంది. సమర్పించని రామకోటి ముట్టుకోవచ్చా అని ఒకావిడ సందేహం వెలిబుచ్చింది. నాకూ ఉన్న సందేహమే. రాసినా నామమే, చదివినా నామమే, లెక్కపెడితే పాపమేముంది అని వరాలమ్మ తేల్చేసింది. కుట్టు దగ్గర దారం ఊడదీసి, కట్టలు కట్టలుగా అందరికీ పంచారు. మనిషికి ఏడెనిమిది రోజులు వచ్చాయి. అందరూ గడి మీద వేలు పెట్టి రామ, రామ అంటూ లెక్కపెట్టారు. ఇరవై ఆరు గొంతులు. నేను ఒంటరిగా గ్యాసు పొయ్యి చప్పుడులో రాసినవి. ఎటు చూడాలో తెలియక గచ్చు వైపు చూస్తూ కూర్చున్నాను.

ఒక్కొక్కరూ అంకె చెబుతుంటే సుభాషిణి గారు గోడ మీద సుద్దతో రాసింది. 216. 216. 215. 212, 211. అక్కడ సుద్ద ఆగింది.

"ఇక్కణ్ణించి పన్నెండు రోజులు అన్నీ 207 అంటున్నారేంటమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. దారంతా జవాబు వెతుక్కుంటూ వచ్చాను. దొరకలేదు. ఉన్నదే చెప్పాను. అవి చూసి రాసినవి కావండి, ఆయన పోయాక మైల, తరవాత తాజా పుస్తకం చూసి పూరించాను, ఈ పన్నెండింటి వల్లే కేంద్రం వాళ్ళు మొత్తం కల్పన అన్నారు, మీరూ అనుకుంటే తప్పులేదు అన్నాను.

వరాలమ్మ తాళాలు కింద పెట్టింది.

"మైల్లో కూడా రోజూ పెన్ను పట్టానని చెప్పుంటే నిన్ను నమ్మేదాన్ని కాదమ్మాయ్." తరవాత సుభాషిణి గారి వైపు తిరిగింది. "ఆ పన్నెండూ చెరిపెయ్యవే. మనిషి పోయినింట్లో లెక్కేంటి? మిగిలినియ్యి రాయి."

వెనక నుంచి ఒకావిడ, కేంద్రం వాళ్ళింట్లో ఎవరూ పోరు కాబోలు, వాళ్ళకి అన్ని రోజులూ ఒకటే అంది. కొందరు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాను.

సుభాషిణి గారు పన్నెండు అంకెలు తడిగుడ్డతో తుడిచింది. ఆ చోటు ఖాళీగా వదిలి కింద మిగతావి రాసింది. 207 నుంచి ఈ పొద్దుటి 159 దాకా. దూరం జరిగి గోడంతా చూసింది. అమావాస్యకి ఎంతవుతుందో నోటితో చెప్పలేదు. గోడ అడుగున రాసింది. నేను ముగ్గుపిండితో వేసిన దానికన్నా రెండు తక్కువే వచ్చింది.

సుద్ద చెరిగిపోకుండా ఎవరూ గోడకి ఆనకండి అని మాత్రం అంది.

వరాలమ్మ కొడుకు బండి మీద సగం దారి దాకా దిగబెట్టాడు. మిగతా గట్టు నడిచాను. పుస్తకం వాళ్ళే మళ్ళీ కుట్టి ఇచ్చారు, ఎర్రదారంతో.


జ్యేష్ఠ బహుళ ద్వాదశి

మిగులు 145.

పది రోజుల నుంచీ గట్టు మీద నుంచి చూస్తున్నాను. ముందు ముసలివాళ్ళు, పసిపిల్లల తల్లులు వెళ్ళారు. తరవాత గేదెలు. తరవాత గింజలు. ఇప్పుడు మంచాలు, గడపలు కూడా పీకి తీసుకెళుతున్నారు. రాముడి విగ్రహాల్ని నిన్న తీసుకెళ్ళారు. ఆ గోడ మాత్రం తీసుకెళ్ళలేరు కాబట్టి సుభాషిణి గారు అంకెలన్నీ ఒక తలుపు చెక్క మీదకి ఎక్కించిందని బుల్లెమ్మ చెప్పింది. బుల్లెమ్మా వాళ్ళాయనా కూడా ఈ రోజే వెళ్ళిపోయారు. తలుపు పడకపోతే పడకపోయింది, వదిలేసి వచ్చామొదినా, నువ్వూ వచ్చెయ్ అంది.

కేంద్రం నుంచి ఒక్క ఫోనూ రాలేదు. ఊరు ఖాళీ అవుతుంటే అడగరేమిటా అనుకుని తాజా పుస్తకం తెరిచాను. అందులో ఒక వాక్యం ఎప్పుడూ ఉంటుంది, గట్టు కింద జనం ఎంతమంది అని. ఈ పొద్దున 118 ఉంది. మూడేళ్ళ కిందటా 118 ఉంది. కొత్తలంకలో ఎప్పుడూ 118 మందే ఉండేవారు, ఇక అడగడానికి ఏముంది?

మధ్యాహ్నానికి 60 అయింది. ఒక్కోసారి తెరిచినప్పుడల్లా తగ్గుతోంది. ఈ పుస్తకంలో ఏదైనా తగ్గితే సంతోషించడం ఇదే మొదటిసారి.


జ్యేష్ఠ అమావాస్య, పొద్దున్న

మిగులు 143. నామాలు 143 రాశాను. రెండో పేజీలో ముప్పై ఐదే.

గట్టు కింద జనం సున్నా.

ఆ సున్నాని చాలాసేపు చూశాను. స్వామీ, అంత అందమైన అంకెని నేను చూడలేదు.

పోటు మధ్యాహ్నం పన్నెండున్నరకి. నేనూ వెళుతున్నాను. దీపం కొండెక్కేదాకా ఆగాను. పొయ్యి తుడిచాను. తలుపు మూద్దామంటే మూసుకోలేదు, తెరిచే వదిలేశాను. ఈ పుస్తకం, తులసికోటలో గుప్పెడు మట్టి, ఆయన చిత్రిక, పలక తీసుకెళుతున్నాను.


ఆషాఢ శుద్ధ పాడ్యమి, ఎర్రదిబ్బ

నిన్న పన్నెండు ముప్పావుకి గట్టు తల తడిసింది. ఇక్కణ్ణించి చూస్తే పెద్ద చప్పుడు లేదు. గోడ అంచు మీద నుంచి పాలు పొంగినట్టు పొంగింది. తరవాత మా ఇంటి పక్కన గట్టు ఒక బారెడు జారింది, ఆ సందులోంచి నీళ్ళు తోసుకొచ్చాయి. నారుమళ్ళు, బడి, రామాలయం వరసగా మునిగాయి. గోదాముల ముందు అందరూ నిలబడి చూశారు. తరవాత ఒక గేదె అరిచింది, దాన్ని కట్టెయ్యడానికి ఎవరో వెళ్ళారు, అక్కణ్ణించి అందరూ ఏదో ఒక పనిలో పడ్డారు.

సాయంత్రం ఫణిభూషణ్ గారి ఫోను వచ్చింది. ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగారు. లేదండి అన్నాను. ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది.

"అమ్మా, గట్టు తెగే ముందు మిగులు ఎంత ఉంది? నా పుస్తకంలో అన్ని రోజులకీ సున్నాయే ఉంది. ఎప్పటి నుంచి తగ్గిందో పైవాళ్ళు అడుగుతున్నారు. నా దగ్గర ఏమీ లేదు."

మీరు రాసుకోండి అన్నాను. చేత్తోనా అన్నారు. అవునండి అన్నాను. కాగితం దొరకలేదట, అరచేతి మీద రాసుకుంటానన్నారు. అరచెయ్యి చాలదండి అని, కార్తిక పూర్ణిమ నుంచి నెమ్మదిగా చదివాను. పన్నెండు రోజుల దగ్గర ఆగి, ఇవి వదిలెయ్యండి, మైల అన్నాను. వదిలేశానమ్మా అన్నారు. మిగతా తూముల వాళ్ళకి ఏం చెప్పాలో రేపు అడుగుతానన్నారు.

వరాలమ్మ తన గోనెపట్టా పక్కన నాకు చోటిచ్చింది. పడుకునే ముందు పలక తెరిచాను. తెరవకూడదనుకుంటూనే తెరిచాను. గుమ్మం నీళ్ళలో ఉన్నా లెక్క పెడుతూనే ఉంది. "ఈ రోజు మేం ఎవ్వరం గట్టు మీద దీపాలు పెట్టాం" అని ఉంది. మూడేళ్ళూ అలాగే ఉంది.

పలక మూసి ఆవిడ తలగడ కింద పెట్టేశాను.

ముందు నుంచి నీ నామాలు, వెనక నుంచి నా మాటలు వచ్చి పుస్తకంలో ఒకే ఒక్క పేజీ మిగిలింది. రేపటి నుంచి కొలవడానికి గట్టు లేదు. ఈ పేజీలో ఏ వైపు నుంచి రాయాలా అని ఆలోచించాను. నీ నామాల వైపు నుంచే, నిటారుగా పట్టుకుని రాస్తున్నాను. పేరు రాయకూడదన్న ఇన్నేళ్ళ ఆచారం ఒక్కసారి తప్పుతున్నాను, దీనికి కూడా మన్నించు.

కార్తిక పూర్ణిమ. మేం ఇద్దరం గట్టు మీద దీపాలు పెట్టాం. మంగతాయారు, సత్యానందం.